గగనసఖి తలమీద గుడ్డ

విమానం మాకు కొత్త కాదు. ఎక్కింది తక్కువే గానీ చూసింది చాలా ఎక్కువ. మేడ్చల్‌కు ఒక పక్క దుండిగల్, ఇంకో పక్క హకీంపేట. రెండూ వైమానిక దళానివే. షామీర్‌పేట చెరువు కట్ట మీద కూచుంటే చాలు, హకీంపేటలో లేచిన కిరణ్ విమానాలు ఒకదాని వెనక ఒకటి తల మీంచి పోయేవి. బడిలో సారు పాఠం మధ్యలో ఆగి, ఆ మోత తగ్గాక మళ్ళీ అందుకునేవాడు. మా చిచ్చా టైలరు. అల్వాల్ దాటినాక రోడ్డు పక్కన ఆయనకో చిన్న దుకాణం. కాంపు నుంచి ఎయిర్‌మన్‌లు ప్యాంట్లు బిగించుకోడానికీ, చేతుల మీద పట్టీలు కుట్టించుకోడానికీ వచ్చేవాళ్ళు. తమిళుడు, సర్దార్జీ, బెంగాలీ, మలబారు ముస్లిం. కొలతలు వేరు, గుడ్డ ఒకటే. యూనిఫాం అంటే మాకు అప్పట్లో అదే. అది తొడుక్కున్నాక మనిషి కులమూ మతమూ గుడ్డ కిందికి పోతాయని నమ్మినవాళ్ళం.

ఆ నమ్మకం మీద మొదటి ప్రశ్న వేసింది మా భాంజీ.

మా ఆపా గుండ్లపోచంపల్లి అప్పారెల్ పార్కులో కుట్టుపని చేస్తుంది. డిగ్రీ అయ్యాక కూతురు ఎయిర్ హోస్టెస్ అవుతానంది. ఇంట్లో పెద్ద గొడవ. మజీదు వైపు పెద్దమనిషి ఒకాయన వచ్చి చాయ్ తాగి, "లడ్కీకి ఇంకే నౌకరీ దొరకలేదా" అని పోయాడు. అవన్నీ దాటి పిల్ల సిటీలో ఒక శిక్షణ కేంద్రంలో చేరింది. మొదటి రోజు సల్వార్ కమీజ్ వేసుకుని, తలకు స్కార్ఫ్ కట్టుకుని పోయింది. అక్కడి మేడం చూసి, "స్కార్ఫ్ గ్రూమింగ్‌లో లేదమ్మా, తీసెయ్. ఈ డ్రెస్సు ఎథ్నిక్ డే నాడు వేసుకో" అంది. తీసేసింది. ఏడాది తిరిగేలోగా ఒక కంపెనీలో ఉద్యోగమొచ్చింది. యూనిఫాం ఇచ్చారు. అందులో ఒక టోపీ ఉంది. జుట్టంతా వెనక్కి లాగి, ముడి చుట్టి, జాలీ వేసి, పిన్నులు గుచ్చి, ఒక్క వెంట్రుక కూడా బయటికి రాకుండా ఆ టోపీ పెట్టుకోవాలి.

"మామూ, టోపీ పెట్టుకుంటే వెంట్రుక కనపడొద్దంట. స్కార్ఫ్ కట్టుకుంటే వెంట్రుక కనపడాల్నంట. యే కైకా హిసాబ్?" అని అడిగింది.

మా దగ్గర జవాబు లేదు. పత్రికల్లో పనిచేసేవాళ్ళకు జవాబు లేనప్పుడు పాత సంగతులు తవ్వుకోవడం అలవాటు. అట్లా తవ్వుకున్నదే ఈ వ్యాసం.

ముందు పేరు సంగతి. తెలుగు పత్రికలు ఎయిర్ హోస్టెస్‌కు 'గగనసఖి' అని పేరు పెట్టుకున్నాయి. ఉర్దూ పత్రికలు 'ఫిజాయీ మేజ్‌బాన్' అంటాయి. మేము రెండు భాషల్లోనూ వార్తలు రాసినవాళ్ళం. ఒకే వార్తను పొద్దున ఒక డెస్కులో 'సఖి' అనీ, సాయంత్రం ఇంకో డెస్కులో 'మేజ్‌బాన్' అనీ రాసేవాళ్ళం. మేజ్‌బాన్ అంటే ఇంటికొచ్చిన వాళ్ళకు ఆతిథ్యమిచ్చే గృహస్థు. ఆ మాటలో ఆడా మగా తేడా లేదు. సఖి అట్లా కాదు. ఆమె ఎవరో ఒకరికి సఖి కావాల్సిందే. ఎవరికి? టికెట్టు కొన్నవాడికి. తెలుగువాళ్ళ కవిత్వమంతా ఆ ఒక్క మాటలోకి దిగింది. ఉర్దూవాళ్ళు స్త్రీల పట్ల ఏదో గొప్ప గౌరవంతో ఆ మాట పెట్టారని మేము అనడం లేదు, అంగ్రేజీ మాటకు తర్జుమా అట్లా కుదిరింది, అంతే. కానీ పేరులో ఉన్నదే దుస్తుల్లోకీ వచ్చింది.

విమానంలో ప్రయాణికులకు సేవ చేసిన మొదటి మనిషి ఆడమనిషి కాదు. 1912లో జర్మనీ జెప్పెలిన్ గాలి ఓడలో పనికి కుదిరిన హైన్రిష్ కూబిస్, అంతకుముందు హోటళ్ళలో వెయిటరు. ఆ తర్వాత వచ్చిన మగ స్టీవార్డులు కూడా ఓడల్లోని వెయిటర్ల తెల్లకోటే తొడుక్కున్నారు. 1930 మే 15న అమెరికాలో ఎలెన్ చర్చ్ అనే నర్సు మొదటి ఎయిర్ హోస్టెస్‌గా విమానమెక్కింది. నిజానికి ఆమెకు విమానం నడపడం వచ్చు. పైలట్ ఉద్యోగమే అడిగింది. ఆడదానికి ఇవ్వమన్నారు. అయితే నర్సులను పెట్టుకోండి, జనానికి భయం పోతుంది అని ఆమే ఉపాయం చెప్పింది. ఆ కంపెనీ అట్లా ఎనిమిది మందిని తీసుకుంది. పెళ్ళి కాకూడదు, పాతికేళ్ళు దాటకూడదు, బరువు 115 పౌండ్లు, అంటే 52 కిలోలు మించకూడదు. నేల మీద ముదురాకుపచ్చ ఉన్ని కోటు, స్కర్టు, భుజాల మీంచి వేలాడే కేప్, టోపీ. విమానంలోకి ఎక్కాక ఆస్పత్రి గౌను.

పైలట్ దుస్తులు ఎక్కడివి? ఓడ కెప్టెన్‌వి. ముంజేతి మీద బంగారు పట్టీలతో సహా. అతనికి సముద్రాన్నేలినవాడి బట్టలు, ఆమెకు మంచం పక్కన నిలబడేదాని బట్టలు. తర్వాత ఎన్ని ఫాషన్లు మారినా ఈ మొదటి పంపకం మారలేదు. పైలట్ల కోటు తొంభై ఏళ్ళుగా దాదాపు అట్లాగే ఉంది. ఆమె బట్టలను మాత్రం పదేళ్ళకోసారి మార్చారు. ఎవరి బట్టలు ఊరికే మారతాయో వాళ్ళ మీద ఎవరికో అధికారముందన్నమాట.

ఇక మన సంగతికి వద్దాం. హైదరాబాద్‌కు సొంత విమాన కంపెనీ ఉండేదన్న సంగతి మన పిల్లలకు తెలియదు. 1945లో పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్‌లో నిజాం ప్రభుత్వానిది 71 వంతులు, టాటాలది 29 వంతులు. మరుసటి ఏడు నుంచి బేగంపేటలో డకోటా విమానాలు లేచాయి. ప్రేమ్ మాథుర్‌ను పైలట్‌గా తీసుకున్నది ఈ కంపెనీయే. 1947లో లైసెన్సు సంపాదించిన ఆమె, కమర్షియల్ విమానాలు నడిపిన తొలి భారత మహిళ. ఎలెన్ చర్చ్‌కు అమెరికా ఇవ్వని కుర్చీని హైదరాబాద్ కంపెనీ ఆమెకు ఇచ్చిందని ఒక్కసారి గర్వపడతాం. మమ్మల్ని ఎప్పుడూ రజాకార్ల పక్కన నిలబెట్టే చరిత్ర పుస్తకాల్లో ఈ ఒక్క వాక్యానికి చోటు దొరకదు గనక ఇక్కడైనా రాసుకుంటున్నాం.

ఆ రోజుల్లో హైదరాబాద్ పెద్దమనిషి బట్టలంటే షేర్వానీ. అది ముస్లింల దుస్తులని అప్పుడెవరూ అనుకోలేదు. ప్రధానిగా చేసిన మహారాజా కిషన్ పర్షాద్ వేసుకున్నాడు. ఉస్మానియా యూనివర్సిటీలో హిందూ ముస్లిం పిల్లలిద్దరికీ అదే యూనిఫాం. మెడ దాకా గుండీలు, మోకాళ్ళ దాకా పొడవు. మతమేమిటో చెప్పని దుస్తులు ఏవైనా ఉన్నాయంటే ఈ నేల మీద అవే.

1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ వచ్చింది. మా తాత చెప్పేవాడు, ఆ నెలలో తన షేర్వానీ, రూమీ టోపీ మడతపెట్టి పెట్టె అడుక్కు తోసేసి, ధోవతి అరువు తెచ్చుకుని కట్టుకున్నానని. పెట్టె అడుక్కు పోయిన ఆ బట్ట మళ్ళీ బయటికి వచ్చేటప్పటికి దాని అర్థం మారిపోయింది. తొడుక్కున్నవాడు తురకోడు. 1953 ఆగస్టు 1న డెక్కన్ ఎయిర్‌వేస్‌ను మిగతా కంపెనీలతో పాటు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేశారు. హకీంపేట మైదానం అప్పటికే వైమానిక దళం చేతికి పోయింది.

మరి షేర్వానీ ఏమైంది? పోలేదు. పెద్ద హోటలు గుమ్మం దగ్గర తలుపు తీసేవాడి ఒంటి మీదికెక్కింది. ఎయిర్ ఇండియా బొమ్మలోకి ఎక్కింది. 1946లో బాబీ కూకా, ఉమేశ్ రావు కలిసి తయారుచేసిన ఆ మహారాజాను అందరం చూశాం. ఎర్రటి పొడుగు కోటు, పెద్ద తలపాగా, ఇంతింత మీసాలు, నడుం వంచి సలాం. ఆ మీసాలకు మూలం లాహోర్‌లో ఉండే కూకా స్నేహితుడు సయ్యద్ వాజిద్ అలీ అని చెబుతారు. అంటే దేశమంతా విమానం తోక పక్కన చూసి మురిసిపోయిన మహారాజాకు మీసం లాహోరు ముస్లింది. ఈ మాట ఎవరైనా దేశభక్తులకు చెబితే ఆ మీసం కూడా గొరిగించగలరు.

మేము చెప్పేది ఇదే. మా బట్ట మా ఒంటి మీద ఉన్నప్పుడు మతం. నడుం వంచి ట్రే పట్టుకున్నప్పుడు సంస్కృతి. ఇప్పుడు తెలుగు పెళ్ళిళ్ళలో రిసెప్షన్ నాడు పెళ్ళికొడుకు షేర్వానీ లేకుండా స్టేజీ ఎక్కడం లేదు. సంతోషమే. అదే షేర్వానీతో మా ఇమాం సాబు ఎయిర్‌పోర్టు గేటు దగ్గర నిలబడితే లైను కొంచెం మెల్లగా నడుస్తుంది. విమానాశ్రయాల్లో తడిమి చూసే సీఐఎస్ఎఫ్ వాళ్ళ జాతీయ అకాడమీ కూడా మా హకీంపేటలోనే ఉంది. ఏం చేస్తాం, ఊరివాళ్ళం.

ఆడవాళ్ళ బట్టలకు వద్దాం. ఎయిర్ ఇండియా తొలి హోస్టెస్‌ల ఫొటోలు చూస్తే స్కర్టు, కోటు, చిన్న టోపీ. చాలామంది ఆంగ్లో ఇండియన్, పార్సీ, క్రైస్తవ కుటుంబాల పిల్లలు. మిగతా ఇళ్ళల్లో పిల్లను ఆ ఉద్యోగానికి పంపే ధైర్యం లేదు, ఆ స్కర్టు వేసే ధైర్యం అంతకన్నా లేదు. 1960లలో స్కర్టు పోయి చీర వచ్చింది. మొదటి చీరలు బెంగుళూరు బిన్నీ మిల్లువి. విదేశాల్లో ఆ చీరకు గొప్ప పేరొచ్చింది. ఐదున్నర మీటర్ల గుడ్డ కట్టుకుని ఊగే విమానంలో వేడి టీ మోయడం ఎంత కష్టమో పేరు పెట్టినవాళ్ళకు తెలియదు. కుచ్చిళ్ళకు పిన్ను, కొంగుకు పిన్ను, నడుం దగ్గర పిన్ను. మా ఆపా ఒకసారి లెక్కపెట్టి, "చీర కట్టినట్టు లేదు, గోడకు బొమ్మ తగిలించినట్టుంది" అంది.

చీర అనగానే కొందరు సెక్యులర్ మిత్రులు కూడా 'మన సంప్రదాయం' అంటారు. ఆ 'మన'లో మేమున్నామా లేమా అని అడగాలి. తెలంగాణ పల్లెల్లో మా అమ్మమ్మలు, నానమ్మలు కట్టింది చీరే. గోచీ పెట్టి నాట్లు వేసిన దూదేకుల ఆడవాళ్ళున్నారు. తల మీద కొంగు కప్పుకోవడం మా ఇంట్లోనూ ఉంది, పక్కింటి రెడ్ల ఇంట్లోనూ ఉంది. అయినా పుస్తకాల్లో బొమ్మ వేసేటప్పుడు చీర కట్టుకున్నది హిందూ స్త్రీ, బురఖాలో ఉన్నది ముస్లిం స్త్రీ. బొమ్మ గీసేవాడికి అట్లా తేలిక.

1971లో పెద్ద బోయింగ్ 747లు వచ్చాయి. ఎయిర్ ఇండియా వాటిని ఆకాశంలో రాజమహల్ అని చెప్పుకుంది. ప్రతి కిటికీ చుట్టూ ఎర్రటి ఝరోఖా కమాను గీయించింది. లోపల హోస్టెస్‌లకు ఘాగ్రా చోళీలు వచ్చాయి. తర్వాత చుడీదార్ కుర్తాలూ వచ్చాయి. ఈ చుడీదార్ గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. మా చిన్నప్పుడు మేడ్చల్ బడిలో ఆడపిల్లలంతా లంగా ఓణీలే. సల్వార్ కమీజ్ వేసుకునేది మా ఇళ్ళ పిల్లలే. దాన్ని 'తురక డ్రెస్సు' అనేవాళ్ళు. మా అక్కలు ఆ మాట పడలేక ఇంటి దగ్గర సల్వార్, బడికి లంగా ఓణీ వేసుకునేవాళ్ళు. తర్వాత సినిమాల్లో హీరోయిన్లు వేశారు. సిటీ కాలేజీల్లో వేశారు. దాని పేరు 'పంజాబీ డ్రెస్' అయింది. ఇంకా తర్వాత 'చుడీదార్' అయింది. 1990లు దాటేసరికి మా ఊళ్ళో ఓణీ వేసుకున్న పిల్ల కనపడితే వెనక్కి తిరిగి చూసే రోజులొచ్చాయి. బట్ట అదే, కుట్టు అదే, మా చిచ్చా కత్తెర అదే. పేరు మారాక దాంట్లోంచి మేము మాయమయ్యాం.

2023 డిసెంబరులో ఎయిర్ ఇండియా మళ్ళీ కొత్త యూనిఫాం చూపించింది. మనీశ్ మల్హోత్రా డిజైను. ముందే కుట్టి ఉంచిన చీర, కావాలంటే కింద ప్యాంటు కూడా వేసుకోవచ్చు, పైన బ్లేజరు. మగవాళ్ళకు బంద్‌గలా. చీర మీద రంగు మెల్లమెల్లగా మారుతూ ఉంటుంది, మధ్యలో ఝరోఖా నమూనాలు. పిన్నుల బాధ తప్పించినందుకు ఆయనకు దండం పెట్టాలి. బాగుంది కూడా, కాదనం. కాకపోతే ఒక మాట. ఝరోఖాలో నిలబడి పొద్దున్నే ప్రజలకు దర్శనమిచ్చింది మొఘల్ పాదుషాలు. అదే 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి చరిత్ర పుస్తకంలోంచి మొఘల్ దర్బారుల పాఠాన్ని తీసేశారు. పాఠంలో లేని పాదుషా కిటికీ చీర మీద ఉంది. కిటికీ కావాలి, కిటికీలో మనిషి వద్దు.

ఇదంతా హిందూ ముస్లిం తగాదాగానే చూస్తే సగమే చూసినట్టు. ఎందుకంటే ప్రపంచంలో ఏ కంపెనీ అయినా మొదట చూసింది ఆమె ఒంటినే. అమెరికాలో బ్రానిఫ్ కంపెనీ 1965లో ఇటలీ డిజైనర్ ఎమీలియో పూచీతో రంగురంగుల దుస్తులు కుట్టించింది. వర్షంలో జుట్టు చెదరకుండా నెత్తి మీద గాజుబుడ్డి లాంటి ప్లాస్టిక్ హెల్మెట్ కూడా పెట్టింది. 1971లో మొదలైన సౌత్‌వెస్ట్ వాళ్ళు తొడల పైకి ఉండే నిక్కర్లు వేయించారు. సింగపూర్ కంపెనీ సారోంగ్ కెబాయాను 1968లో పియేర్ బాల్మాఁ మళ్ళీ కోసి బిగించాడు. అది మలయ్ ముస్లిం స్త్రీలు ఇంట్లో కట్టుకునే బట్ట. పారిస్ దర్జీ చేతి నుంచి తిరిగొచ్చేసరికి పోస్టరు అయింది.

మన ముస్లిం దేశాల తీరు ఇంతకన్నా మేలని చెప్పుకోడానికి మాకు నోరు రావడం లేదు. పాకిస్తాన్ విమాన కంపెనీ 1966లో పియేర్ కార్డాఁతో కుట్టించిన యూనిఫాం ఆ రోజుల్లో లోకమంతా మెచ్చుకుంది. సన్నటి ప్యాంటు, మోకాళ్ళ దాకా ట్యూనిక్, తల మీంచి చుట్టి వచ్చే దుపట్టా. దుపట్టాను మతపు గుర్తుగా గాక, ఒక అందమైన గుడ్డగా చూసిన కళ్ళు అవి. 1975లో దాన్ని ఇంగ్లీషు దర్జీ హార్డీ ఏమీస్ మార్చాడు. అదే కంపెనీ 2022 సెప్టెంబరులో, సిబ్బంది లోపలి దుస్తులు సరిగ్గా వేసుకోవాలని సర్క్యులర్ పంపి, నలుగురూ నవ్వేసరికి వెనక్కి తీసుకుంది. ఇరాన్‌లో 1979 విప్లవానికి ముందు ఫాషన్ పేరుతో తల విప్పించారు, ఆ తర్వాత ధర్మం పేరుతో కప్పించారు. ఇండొనేషియాలో ఆచే బేసార్ జిల్లా అధికారి 2018 జనవరిలో, తమ గడ్డ మీద దిగే విమానాల ముస్లిం హోస్టెస్‌లంతా హిజాబ్ కట్టాలని హుకుం వేశాడు. దుబాయ్ ఎమిరేట్స్ వాళ్ళది ఇంకో తెలివి. ఎర్ర టోపీ, దాని కింద నుంచి చెంప పక్కగా జారే తెల్లటి పల్చటి గుడ్డ. ముసుగు ఉన్నట్టూ ఉంటుంది, లేనట్టూ ఉంటుంది. గల్ఫ్‌కు పోయే మా పిల్లలు ఆ ఫొటోనే ఇంటికి పంపుతారు.

వీటి మధ్య రెండు మూడు సంగతులు మాకు నచ్చాయి. ఈజిప్టు విమానాల్లో హోస్టెస్‌లకు హిజాబ్ కట్టుకునే వీలు 2012 నవంబరులో వచ్చింది. కంపెనీ పుట్టిన 80 ఏళ్ళకు. కట్టుకోవాలని కాదు, కట్టుకోవచ్చని. 2016 ఏప్రిల్‌లో ఎయిర్ ఫ్రాన్స్ వాళ్ళు టెహరాన్ విమానాలు మళ్ళీ మొదలుపెడుతూ, అక్కడ దిగేటప్పుడు తల కప్పుకోవాలన్నారు. ఫ్రెంచి ఉద్యోగినులు మేము కప్పుకోమన్నారు. ఇష్టం లేనివాళ్ళు ఆ విమానమెక్కక్కర్లేదని చివరికి కంపెనీ ఒప్పుకుంది. 2023 జనవరిలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఓజ్వాల్డ్ బోటెంగ్ కుట్టిన యూనిఫాంలో ట్యూనిక్, హిజాబ్ కూడా కలిపింది. కైరోలో కట్టుకుంటామన్న ఆడవాళ్ళదీ, పారిస్‌లో కట్టుకోమన్న ఆడవాళ్ళదీ ఒకే మాట. ఈ రెండింటినీ కలిపి చెప్పే ముస్లిం పెద్దమనిషిని గానీ, సెక్యులర్ పెద్దమనిషిని గానీ మేము ఇంకా కలవలేదు. ఒకాయనకు మొదటి వార్త నచ్చుతుంది, ఇంకొకాయనకు రెండోది.

మన కోర్టులు కూడా ఈ గుడ్డ దగ్గరికి వచ్చాయి. 1981 ఆగస్టులో నర్గీస్ మీర్జా కేసు తీర్పు వచ్చింది. ఎయిర్ ఇండియా నిబంధనల ప్రకారం హోస్టెస్‌కు 35 ఏళ్ళు నిండితే, ఉద్యోగంలో చేరిన నాలుగేళ్ళలోపు పెళ్ళి చేసుకుంటే, మొదటిసారి గర్భం వస్తే ఇంటికి పంపేయొచ్చు. అదే విమానంలో అదే ట్రే మోసే మగ పర్సర్‌కు 58 ఏళ్ళ దాకా ఉద్యోగం. తీర్పు రాసింది జస్టిస్ సయ్యద్ ముర్తజా ఫజల్ అలీ. గర్భం వస్తే తీసేయడం భారత స్త్రీత్వానికే అవమానమని ఆ నిబంధన కొట్టేశారు. నాలుగేళ్ళ పెళ్ళి నిబంధనను మాత్రం ఉంచేశారు. 1930లో ఎలెన్ చర్చ్‌కు పెట్టిన షరతు 1981లో కూడా సగం బతికే ఉందన్నమాట. ఇప్పుడు షామీర్‌పేటలో న్యాయశాస్త్ర విశ్వవిద్యాలయం ఉంది, నల్సార్. అక్కడి పిల్లలు ఈ తీర్పు చదువుతారు. రోడ్డుకు ఇవతల మా చిచ్చా దుకాణం లాంటివి ఇంకా నాలుగైదు ఉన్నాయి.

దుండిగల్ సంగతి చెప్పకుండా ముగించలేం. అక్కడి ఎయిర్ ఫోర్స్ అకాడమీకి 1967 అక్టోబరులో పునాదిరాయి వేసింది రాష్ట్రపతి జాకిర్ హుసేన్. పుట్టింది హైదరాబాద్‌లో. గడ్డం, టోపీ, షేర్వానీ ఆయన నిత్యం వేసుకున్న బట్టలూ, రూపమూ. ఆ గడ్డం పెట్టిన రాయి మీద కట్టిన అకాడమీలోనే 2016 జూన్ 18న ముగ్గురు ఆడపిల్లలు దేశపు మొదటి ఫైటర్ పైలట్లుగా భుజాల మీద పట్టీలు పెట్టించుకున్నారు. వాళ్ళు నడపడం నేర్చుకున్న విమానాలు మా హకీంపేటవి. మా ఊరంతా స్వీట్లు పంచుకున్నంత పని చేసింది. అదే ఏడు డిసెంబరు 15న సుప్రీంకోర్టు ఇంకో తీర్పు ఇచ్చింది. గడ్డం పెంచుకున్నందుకు వైమానిక దళం తీసేసిన ముస్లిం ఎయిర్‌మన్‌ను తిరిగి తీసుకోనక్కర్లేదని. జుట్టు తీయడాన్ని మతం నిషేధించినవాళ్ళకే నిబంధనల్లో మినహాయింపు ఉంది, ఇస్లాంలో అట్లాంటి నిషేధం ఉన్నట్టు చూపలేదన్నారు. దీని మీద ముస్లింలలోనే రకరకాల అభిప్రాయాలున్నాయని ఆయన తరఫు వకీలే ఒప్పుకున్నాడు. నిజమే, ఉన్నాయి. సిక్కు సోదరుల హక్కు మీద మాకు ఈర్ష్య లేదు. కానీ ఒక మతంలో అందరూ ఒకే మాట మీద ఉంటేనే దాని గుర్తుకు చోటిస్తామనడం, వాదించుకునే అలవాటున్న మాలాంటి వాళ్ళకు శిక్ష. 2022లో కర్ణాటక ఆడపిల్లల హిజాబ్ కేసు కూడా అక్కడే తిరిగింది. హైకోర్టు మార్చిలో కాదంది. అక్టోబరులో సుప్రీంకోర్టు జడ్జీలిద్దరు రెండు మాటలు చెప్పారు. ఈలోగా ఎంతమంది పిల్లలు బడి మానుకున్నారో వాళ్ళ అమ్మలకు తెలుసు.

గుడ్డ అడ్డమొస్తుందనేవాళ్ళకు మేము సల్వా ఫాతిమా ఫొటో చూపిస్తుంటాం. పాతబస్తీలో బేకరీలో పనిచేసే మనిషి కూతురు. ఆంధ్రప్రదేశ్ ఏవియేషన్ అకాడమీలో శిక్షణ పొంది కమర్షియల్ పైలట్ అయింది. తలకు హిజాబ్, ఒంటి మీద భుజం పట్టీల తెల్ల చొక్కా. ఆ ఫొటో చాలా పత్రికల్లో వచ్చింది. ఆ గుడ్డ వల్ల విమానం పక్కకు వంగినట్టు ఎక్కడా వార్త రాలేదు. ఫొటో చూపించగానే మా భాంజీ ఒక మాట అంది. "మామూ, ఆమె ముందర కూచునేది, తలుపేసుకుని. ఆమెను ఎవరూ చూడరు. మమ్మల్ని చూడటానికే పెట్టుకున్నరు." ఇన్ని సంవత్సరాలూ తారీకులూ ఏరుకున్న మాకు ఆ పిల్ల చెప్పిందాని కన్నా పెద్ద జవాబు దొరకలేదు.

ఆమె డ్యూటీ ఉన్న రోజు రాత్రి రెండున్నరకు కంపెనీ బండి మేడ్చల్ వస్తుంది. గల్లీలోంచి మెయిన్ రోడ్డు దాకా స్కార్ఫ్ కట్టుకుని నడుస్తుంది. బండి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాక విప్పి, నాలుగు మడతలు పెట్టి, బ్యాగులో పక్క జేబులో పెడుతుంది. శంషాబాద్ వచ్చేలోగా చిన్న అద్దంలో చూసుకుంటూ జుట్టు ముడి, జాలీ, పిన్నులు, టోపీ. తిరిగొచ్చేటప్పుడు అదే రోడ్డు మీద ఇదంతా వెనకనుంచి ముందుకు. కంపెనీ కోటు మీద పేరు రాసిన చిన్న పట్టీ ఉంటుంది. అది చదివిన ప్రయాణికులు అప్పుడప్పుడు, "అరే, మీరు ముస్లింలా? అట్లా కనిపించరే" అంటారట. మెచ్చుకోలుగానే అంటారట. ఆమె నవ్వి నీళ్ళ సీసా ఇస్తుంది. నవ్వడం కూడా శిక్షణలో ఉంది.

కిందటేడు హజ్ విమానంలో ఆమెకు డ్యూటీ పడింది. మగవాళ్ళంతా ఇహ్రాం కట్టుకుని ఉన్నారు, కుట్టు లేని రెండు తెల్ల గుడ్డలు. సేటూ, ఆటోడ్రైవరూ ఎవరో తెలియని యూనిఫాం అది. మూడో వరసలో ఒక ముసలమ్మ, ఎన్నడూ విమానమెక్కని మనిషి, బెల్టు పెట్టుకోలేక తంటాలు పడుతోంది. మా పిల్ల వంగి బెల్టు పెట్టి, "డరో నక్కో దాదీమా" అంది. ఆ మాట చెవిన పడగానే ముసలమ్మ ముఖంలోకి చూసి, "తుమ్ హమారే బచ్చే హో క్యా?" అని రెండు చేతులూ ఎత్తి, టోపీ మీద పెట్టి గట్టిగా నిమిరి దువా ఇచ్చింది. టోపీ పక్కకు జరిగింది. జాలీలోంచి పాయ ఒకటి జారి చెవి మీద పడింది. మళ్ళీ పిన్ను గుచ్చుకోడానికి ఆమె విమానం వెనక్కి నడిచిపోయింది.